పేరు అంటించని బల్ల

ఫ్రిజ్జు తలుపు మీద తన పేరు చూసి నెవార్ట్ చేతిలో సంచితో అలాగే నిలబడిపోయింది.

గోడలకు రంగులు వేసేటప్పుడు అంచుల్లో అంటించే లేతపసుపు టేపు ముక్క అది. దాని మీద లావు అక్షరాలతో ‘నెవార్ట్’ అని ఉంది. గ్యాసు పొయ్యి మీద ‘డిక్రాన్’. గాజు సామాన్ల బీరువా మీద మళ్ళీ ‘నెవార్ట్’. గోడగడియారం మీద ‘డిక్రాన్’. పోయిన తండ్రి హాగోప్ వాలుకుర్చీకి ఒక చేతి మీద కొడుకు పేరు, రెండో చేతి మీద కూతురి పేరు అంటించి ఉన్నాయి. ఆ కుర్చీని రంపంతో కోయించే ఉద్దేశం ఉన్నట్టే కనిపించింది.

"అమ్మా, ఏంటిదంతా?"

సిరనూష్ తలెత్తలేదు. పొడుగాటి భోజనాల బల్ల చివర కూర్చుని ద్రాక్షాకుల్లో బియ్యం, కీమా పెట్టి చిటికెన వేలంత చుట్టలు చుడుతోంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. చేతుల్లో వయసు తెలుస్తుంది గాని చుట్టల్లో తెలియదు. ఆదివారం నుంచి ఆవిడ కూతురితో మాట్లాడటం మానేసింది. శనివారం వచ్చినా పట్టు సడలలేదు.

ఆదివారం జరిగింది చిన్న విషయమేమీ కాదు. చర్చిలో ద్రాక్షపళ్ళకు ఆశీర్వాదం జరిగే రోజది. చుట్టూ నలభై ఎకరాల తోట ఉన్నా, ఫాదర్ చేతులు పెట్టి దీవించేదాకా ఆ ఇంట్లో ఒక్క పండు నోట్లో వేసుకోరు. ఏడాదంతా ఎదురుచూసి, దీవెన అయ్యాక, సిరనూష్ మొదటి పండు నోట్లో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఊరందరి ముందు నెవార్ట్ అడిగింది, "అయితే అమ్మా, తోట ట్రస్టులో పెడతావా పెట్టవా" అని. ఆ పండు పుల్లగా ఉందో తియ్యగా ఉందో సిరనూష్‌కి ఈ రోజుకీ తెలియదు.

"నేనడిగేది నిన్నే. ఈ టేపులేంటి?"

ఆవిడ ఇంకో ఆకు అందుకుంది. ఇంతలో పెరటి తలుపు తోసుకుని డిక్రాన్ వచ్చాడు. తోటపని అంతా అతనిదే. బూట్ల నిండా ఫౌలర్ ఊరి మట్టి.

"పొయ్యి మీద నా పేరుందేంటమ్మా? నాకు టీ పెట్టడం కూడా రాదు."

"నేర్చుకుంటావు," అంది సిరనూష్. కొడుకుతో మాట్లాడనని ఆవిడ ఒట్టేమీ పెట్టుకోలేదు. "నేను బతికుండగానే పంచుకోవాలని కదా మీ ఆరాటం. పంచేశాను. లాయరమ్మ నాలుగింటికి వస్తుందిగా, ఆవిడ కూడా చూస్తుంది."

"పంచమని ఎవరడిగారు?" నెవార్ట్ సంచి కింద పెట్టింది. "ట్రస్టంటే పంపకం కాదని ఎన్నిసార్లు చెప్పాను? నువ్వు పోయాక మేం కోర్టు చుట్టూ తిరగకుండా ఉంటానికి."

"నేను పోయాక మీరెక్కడ తిరిగితే నాకేంటి," అని తల్లి ద్రాక్షాకుతో చెప్పింది.

డిక్రాన్ నవ్వాడు. ఆ నవ్వు నెవార్ట్‌కి కారం రాసినట్టయింది.

"నవ్వు, నవ్వు. నువ్వే కదా ఇది అక్కర్లేదని అమ్మకి ఎక్కించింది."

"నేనేం ఎక్కించలా. అమ్మ విల్లు రాసి పెట్టింది. నాకు సగం, నీకు సగం. ఇంక ట్రస్టెందుకు? ముందే లాయరుకి ఫీజు కట్టి చావడానికా?"

"విల్లు రాస్తే కోర్టుకి వెళ్ళక్కర్లేదని నీకెవరు చెప్పారన్నయ్యా? విల్లు తీసుకునే వెళ్ళాలి కోర్టుకి. బాబాయి రాయలేదా విల్లు? ఏమైంది?"

డిక్రాన్ గుమ్మంలో బూట్లు విదిలించుకున్నాడు. బాబాయి మిహ్రాన్ సంగతి అతనికి అందరికంటే బాగా తెలుసు. రోడ్డుకి అటువైపు తోట ఆయనది. పళ్ళు పక్వానికొచ్చిన వారంలో పోయాడు. కోసి, తీగల వరసల మధ్య కాగితాలు పరిచి, ఎండబెట్టించినవాడు డిక్రానే. ఎండుద్రాక్ష తయారైంది. కొనేవాళ్ళు వచ్చి సంతకం ఎవరు పెడతారన్నారు. ఈ ఆస్తికి ఇప్పుడు బాధ్యులు ఫలానా అని జడ్జి తేల్చేదాకా పెట్టడానికి చెయ్యే లేదు. సరుకు షెడ్డులో మూలుగుతూ కూర్చుంది. మొత్తం తంతు తేలడానికి రెండేళ్ళు పట్టింది, పోయిన నెలే ముగిసింది.

"ఆ ఫీజులు కూడా చూశావుగా," నెవార్ట్ వదల్లేదు. "తోట మీద అప్పున్నా సరే, మొత్తం విలువ మీద లెక్క కట్టారు. దానిముందు ఇదెంత?"

"సరే. అసలు సంగతి చెప్పు. అమ్మ తర్వాత ఆ ట్రస్టు ఎవరి చేతిలో ఉంటుంది?"

నెవార్ట్ కింద పెట్టిన సంచి మళ్ళీ ఎత్తి కుర్చీ మీద పెట్టింది.

"ఎవరో ఒకరు," అంది.

"ఎవరో ఒకరంటే? పొద్దున్నే లేచి తీగలకి నీళ్ళు పెట్టేవాడా, ఫ్రెస్నో సిటీలో ఏసీలో కూర్చుని మందులమ్మేదా?"

"ఏసీలో కూర్చున్నా లెక్కలు సరిగ్గా చేస్తాను. నువ్వు ట్రాక్టరు రసీదులు చొక్కా జేబులో పెట్టి ఉతికేస్తావు."

"ఒక్కసారి ఉతికా."

"ఏటా ఒక్కసారి."

సిరనూష్ చుట్టడం ఆపింది. ఆవిడ భయం ఇదే. కోర్టంటే భయం లేదు, చావంటే అసలే లేదు. ట్రస్టు కాగితంలో ‘తర్వాత ఎవరు’ అన్న ఆ ఒక్క ఖాళీలో ఒక పేరు రాయాలి. కొడుకు పేరు రాస్తే ఆదివారం కూతురు రాదు. కూతురి పేరు రాస్తే తోటలోనే ఉండే కొడుకు ఈ గడప తొక్కడు. మొన్న చర్చి భోజనాల దగ్గర తోడికోడలు జాబెల్‌ని చూసింది కదా. మిహ్రాన్ కొడుకులిద్దరూ పచ్చిక బయలుకి ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు కూర్చున్నారు. జాబెల్ పళ్ళెం పట్టుకుని మధ్యలో అటూ ఇటూ తిరిగి, చివరికి నిమ్మరసం డ్రమ్ము పక్కన నిలబడి తింది. అందరితోపాటు సిరనూష్ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం తన బల్ల చుట్టూ ఉన్న కుర్చీలు లెక్కపెట్టింది. టేపు చుట్ట బయటికి తీసింది ఆ తర్వాతే.

"అమ్మా," డిక్రాన్ బల్ల చుట్టూ తిరిగి కిందికి వంగి చూశాడు. "దీనికి పేరు లేదేంటి?"

నెవార్ట్ కూడా వంగింది. ఇంట్లో చెంచాల డబ్బాకి కూడా టేపుంది. ఈ బల్లకి లేదు. హాగోప్ తండ్రి పాత కొట్టం పడగొట్టినప్పుడు దాని చెక్కతో చేయించిన బల్ల. ఆదివారం ఆ ఇంటి మనుషులంతా దాని చుట్టూ కూర్చుంటారు. కూర్చోని ఆదివారం లేదు.

"ఎవరికిది?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మీరే తేల్చండి," అంది తల్లి. వారం తర్వాత కూతురి మొహంలోకి చూడటం అదే మొదలు.

వాళ్ళు తేల్చేలోపే వీధి తలుపు తెరుచుకుంది. తలుపు కొట్టే అలవాటు జాబెల్‌కి లేదు. పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం రోడ్డవతలికి వినపడుతుంది. పళ్ళెంలో పుచ్చకాయ ముక్కలు, పీచుపీచుగా తీసిన జున్ను పట్టుకుని వచ్చి నాలుగు గోడలూ కలయజూసింది.

"ఏంటక్కా, ఇంట్లో వేలంపాటా? గడియారం ఎంతకి పాడుతున్నారు?"

"నిన్నెవరు రమ్మన్నారు?"

"లాయరు వస్తోందని తెలిసింది. ప్రొబేట్, అదే విల్లు కోర్టుకెక్కే తంతు గురించి ఈ ఊళ్ళో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళెవరు? ఆ కోర్టులో కాఫీ మిషను ఎక్కడుందో కూడా నాకు తెలుసు. డబ్బులు మింగుతుంది గాని కాఫీ ఇవ్వదు. పెట్టెయ్యక్కా ట్రస్టు. నా మాట విను."

సిరనూష్ మూతి బిగిసింది. నిజం చెప్పాలంటే ట్రస్టు సంగతి ఆవిడ ఎప్పుడో ఒప్పుకునేదే. ముందుగా పెట్టుకోమన్నది జాబెల్ కావడం వల్లే ఇన్నాళ్ళు పట్టింది. కాపురానికొచ్చిన నాటినుంచి జాబెల్ తూర్పంటే తను పడమరంది, ఇప్పుడు వెంటనే సరేనంటే ఏం మర్యాదగా ఉంటుంది?

"నీ మాట విని కొన్న కుట్టుమిషను ఇంకా అటకెక్కే ఉంది," అంది.

"దారం ఎక్కించడం రాకపోతే మిషనేం చేస్తుందక్కా," అని జాబెల్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

నాలుగింటికి లాయరు మారిసెలా వచ్చింది. వయసు చిన్నదే, కళ్ళు మాత్రం అన్నీ గమనించేవి. సామాన్ల మీద టేపులు చూసి, సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇలాంటి ఇళ్ళు చాలానే చూసినట్టుంది.

"ముందు నేనడుగుతా," అంది సిరనూష్. "ఈ ట్రస్టు పెట్టాక నా ఇంట్లో నేను అద్దెకున్నట్టా?"

"కాదమ్మా. పెట్టేది మీరే, నడిపేది మీరే, అనుభవించేది మీరే. నచ్చకపోతే మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు."

"వీణ్ణి తోటలోంచి వెళ్ళగొట్టాలంటే?"

"అమ్మా," అన్నాడు డిక్రాన్.

"వెళ్ళగొట్టొచ్చు," అంది మారిసెలా.

"దీనికి చెప్పకుండా ఇల్లు అమ్ముకోవాలంటే?"

"అమ్ముకోవచ్చు."

"నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటే?"

"చేసుకోండి. కాకపోతే ముందు నాకో ఫోన్ చెయ్యండి."

సిరనూష్‌కి ఈ పిల్ల నచ్చింది. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టింది. వీపు ఇటు తిప్పుకునే అడిగింది, "అయితే ఇది అందరూ పెట్టుకోవాల్సిందేనా? నిజం చెప్పు. నీ ఫీజు సంగతి మర్చిపోయి చెప్పు."

"అందరికీ అక్కర్లేదమ్మా. చిన్న ఇల్లు, బ్యాంకులో కాస్త డబ్బు ఉన్నవాళ్ళకి కోర్టులోనే సులువు దారులున్నాయి. వాళ్ళొస్తే వద్దని పంపించేస్తాను. మీకు తోట ఉంది. జడ్జి కోసం పండు ఆగదు. ట్రస్టుంటే మీ తర్వాత మీరు చెప్పిన మనిషి కోర్టు ఉత్తర్వు కోసం ఆగకుండా పని అందుకుంటారు. ఇంకొకటి. కాగితం రాసి బీరువాలో దాచుకుంటే సరిపోదు. ఇల్లు, తోట రిజిస్ట్రేషన్ ట్రస్టు పేరు మీదికి మార్చాలి. చాలామంది అది మర్చిపోతారు. అప్పుడు ఫీజూ పోతుంది, కోర్టూ తప్పదు."

"చెప్పలా నేను," అంది జాబెల్.

"నువ్వేం చెప్పావు?"

"ఇవన్నీ."

సిరనూష్ రాగి కాఫీ గిన్నె తెచ్చి చిన్న కప్పుల్లో వంచడం మొదలుపెట్టింది. ఆ గిన్నె వాళ్ళ అత్తగారిది. అత్తగారు పోయేముందు అది తనకే ఇస్తానన్నారని జాబెల్, ఎప్పుడూ అనలేదని సిరనూష్, నలభై ఏళ్ళుగా ఒకే మాట మీద ఉన్నారు. జాబెల్ వస్తున్న అలికిడైతే సిరనూష్ దాన్ని పిండి డబ్బా వెనక్కి తోసేసేది. ఈ రోజు తోయలేదు.

"కోర్టులో మా వంతు వచ్చేసరికి చూడూ," అని ఏదో మొదలుపెట్టిన జాబెల్ మధ్యలో ఆగిపోయింది.

గిన్నె పిడికి పసుపు టేపు చుట్టి ఉంది. దాని మీద ‘జాబెల్’ అని ఉంది.

ఆవిడ మాట మధ్యలో ఆగడం నెవార్ట్ పుట్టాక చూడలేదు. సిరనూష్ ఏమీ జరగనట్టు లాయరు కప్పు నింపి, తన కప్పు నింపుకుంది.

"అమ్మా, ఇంక ఒక్కటే ఉంది," మారిసెలా కాగితం ముందుకి జరిపింది. "మీ తర్వాత ఎవరు?"

డిక్రాన్ తన గోళ్ళలోని మట్టి చూసుకున్నాడు. నెవార్ట్ పుచ్చకాయ గింజలు పళ్ళెం అంచున వరసగా పేర్చింది. పిల్లలిద్దరూ చిన్నప్పుడు పరీక్ష మార్కులు చెప్పాల్సిన రోజు సరిగ్గా ఇలాగే కూర్చునేవాళ్ళని సిరనూష్‌కి గుర్తొచ్చింది.

"ఇద్దరూ," అంది.

"ఇద్దరా?"

"ఇద్దరూ కలిసి. ఏ కాగితం మీదైనా ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఈ బల్ల దగ్గరే కూర్చుని పెట్టాలి. అది కూడా రాసుకో."

"రాయొచ్చు," మారిసెలా కలం నోటి దగ్గర పెట్టుకుని ఆలోచించింది. "కానీ ఇద్దరికీ పొసగకపోతే పని ఆగిపోతుంది. మళ్ళీ జడ్జి దగ్గరికే వెళ్ళాలి. తేలకపోతే మూడో మనిషి మాట చెల్లుతుందని ఒకరి పేరు పెట్టుకోవడం మంచిది."

"పెట్టు. జాబెల్."

డిక్రాన్‌కి కాఫీ గొంతుకి అడ్డం పడింది.

"పిన్నా? అమ్మా, పిన్ని చేతిలో పెడితే మా ఇద్దరి చొక్కాల రంగులు కూడా ఆవిడే తేలుస్తుంది."

"నిజమే," అంది నెవార్ట్. "అన్నయ్యా, మనిద్దరం ఎంత కొట్టుకున్నా పిన్నిదాకా వెళ్ళనివ్వద్దు."

"అస్సలు వెళ్ళనివ్వద్దు," అన్నాడు డిక్రాన్.

పొద్దుట్నుంచి వాళ్ళిద్దరికీ కుదిరిన మొదటి మాట అది. సిరనూష్ పెదవి చివర నవ్వు దాచుకోవడానికి కప్పు ఎత్తింది. లాయరుకి విషయం అర్థమై తల వంచుకుని రాసుకుంటోంది.

నవ్వని మనిషి ఒక్క జాబెల్. ఖాళీ అయిన రాగి గిన్నె బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో టేపు మీద తన పేరు రుద్దుతూ కూర్చుంది.

"నా పేరు రాయకక్కా," అంది. ఆ గొంతు బల్ల దాటి రాలేదు. "నేనిక్కడ ఉండను."

"ఎక్కడికి పోతావు, రోడ్డవతలికేగా."

"శాన్ డియేగో. మా చెల్లెలి దగ్గరికి. తోట అమ్మేస్తున్నాం. సోమవారం వస్తారు సంతకాలకి. ఎవరో బాదం వ్యాపారులు. తీగలన్నీ పీకించేసి బాదం మొక్కలు వేస్తారట."

"బాబాయి తోటా?" డిక్రాన్ సగం లేచాడు. "ఆ తీగలు తాతయ్య నాటినవి పిన్నీ."

"నాకు తెలీదా ఎవరు నాటారో. మీ బాబాయి ముగ్గురికీ, నాకూ మా కొడుకులిద్దరికీ, కలిపి రాశాడు. వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద ఉండరు. ఒకడు ఎండబెడదామంటే ఒకడు పచ్చివే అమ్మేద్దామంటాడు. కోర్టు వాళ్ళనేం విడదీయలేదురా, అబద్ధం చెప్పకూడదు. కానీ తేలని రెండేళ్ళూ ఉన్నాయి చూడు, రోజుకో అనుమానం. నువ్వేదో దాచావంటే నువ్వేదో నొక్కావని. ఇప్పుడింక వాళ్ళిద్దరూ ఒప్పుకున్నది ఒక్కటే, అమ్మేద్దామని."

"నాకు చెప్పలేదే," అంది సిరనూష్.

"చెప్తే నువ్వు సంతోషిస్తావేమోనని."

సిరనూష్ తల అటు తిప్పుకుంది. కిటికీలోంచి చూస్తే రోడ్డవతల ఆ వరసలు కనిపిస్తున్నాయి. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి వంటింట్లో నిలబడి చూసింది ఆ వరసల్నే. వాటి మధ్యలోంచి పళ్ళెం పట్టుకుని, పిలవకుండా, ఏదో ఒకటి అనడానికి వచ్చే ఈ పొట్టి మనిషిని చూసింది. ఇంక రేపట్నుంచి ఎవరితో పోట్లాడుతుంది? ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడిస్తే జాబెల్ జన్మంతా చెప్పుకుంటుందని ఆపుకుంది.

"లాయరమ్మా, ఈ ట్రస్టు తోట కొనగలదా?"

నెవార్ట్, డిక్రాన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ట్రస్టీగా మీరు కొనొచ్చు," మారిసెలా నెమ్మదిగా చెప్పింది. "ట్రస్టు లేకపోయినా మీ సొంత పేరు మీద కొనొచ్చు. ట్రస్టు పేరు మీదైతే రెండు తోటలూ ఒకే చోట ఉంటాయి. డబ్బు సంగతి మాత్రం..."

"డబ్బు సంగతి వీళ్ళిద్దరూ తేలుస్తారు. ఈ బల్ల దగ్గరే కూర్చుని. అలవాటవుతుంది." సిరనూష్ టేపు చుట్ట అందుకుని ఒక ముక్క చింపింది. "ట్రస్టు పెడతాను. రాసుకో. నా తర్వాత ఇద్దరూ, తేలకపోతే జాబెల్. ఎదుటి తోట కూడా అందులోకే."

"అమ్మా, పొయ్యి అమ్మినా ఆ తోట రాదు," అన్నాడు డిక్రాన్.

"అమ్మితే గడియారం కూడా కలిపి అమ్ము," అంది నెవార్ట్.

సిరనూష్ వాళ్ళ మాట వినలేదు. టేపు ముక్క మీద లావు అక్షరాలతో తన పేరు రాసింది. లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, దాన్ని జాబెల్ భుజం మీద అతికించి అరచేత్తో గట్టిగా అదిమింది. ఆ చెయ్యి తీయడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది.

జాబెల్ తల తిప్పి భుజం మీద పేరు చదువుకుంది. టేపు పీకలేదు. రాగి గిన్నెని ఒళ్ళోకి ఇంకాస్త దగ్గరగా లాక్కుని, కళ్ళు తుడుచుకుని, తోడికోడలి వైపు తీరిగ్గా చూసింది.

"అంతా బాగానే ఉందక్కా. మా తోట నీకు అమ్ముతానని ఎవరు చెప్పారు?"